పద్యానికి అర్థం ముందు మీరు చెప్పకండి

ప్రశ్న: "డీఎస్సీలో సెలెక్టయి ఉదయగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌గా చేరాను. తొమ్మిదో తరగతిలో 42 మంది. నేను చదువుతాను, నేనే అర్థం చెబుతాను, జవాబులు బోర్డు మీద రాస్తాను, వాళ్లు నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఒక్కరూ నోరు విప్పరు. ట్రైనింగ్‌లో చెప్పిన యాక్టివ్ లెర్నింగ్ ఆటలు చేయిస్తే గోల తప్ప ఏమీ మిగలడం లేదు. పదిమంది దాకా సరిగ్గా చదవనే లేరు. సిలబస్ టెన్షన్ ఒకటి. ఎక్కడ మొదలుపెట్టాలి?"

అమ్మా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట మండలాల్లో చాలా ఏళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. మీ క్లాసు ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. ముందు ఒక్క పని చేయండి. ఇంటర్వెల్ బెల్లు కొట్టాక వరండాలో నిలబడి మీ పిలకాయలు మాట్లాడుకునేది వినండి. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేస్తున్నారు, సాక్ష్యం ఏం చూపిస్తున్నారు, ఎదుటివాడు దాన్ని ఎట్లా కొట్టిపారేస్తున్నాడు, అన్నీ వినబడతాయి. వాళ్లకు మాటలు రాక కాదు. మీ పీరియడ్‌లో వాళ్లు మాట్లాడాల్సిన అవసరం లేదు. చదివేది మీరు, ప్రతిపదార్థం మీరు, భావం మీరు, జవాబు మీరు. ఇక వాళ్లకు మిగిలింది ఎక్కించుకోవడం ఒక్కటే, అది వాళ్లు శ్రద్ధగానే చేస్తున్నారు.

బెంచీలు జరపడం, చార్టులు అతికించడం, చప్పట్లు కొట్టించడం యాక్టివ్ లెర్నింగ్ అనుకుంటే మీరన్న గోలే మిగులుతుంది. పిల్లలు కదలకుండా కూర్చుని, పెన్సిల్ పట్టుకుని, "ఈ మాట ఎవరి గురించి?" అని పక్కవాడితో గొణుక్కుంటున్నా అది చురుకైన చదువే. నేను చూసుకునేది ఒక్కటే: అర్థం తేల్చే పని ఎవరి చేతిలో ఉంది? అది మీ చేతిలోంచి వాళ్ల చేతికి వెళ్లాలి. అందుకే చెబుతున్నా, మాటలకు అర్థం ఇవ్వండి, పద్యానికి అర్థం ఇవ్వకండి. కనీసం మొదటి ఇరవై నిమిషాలు ఇవ్వకండి.

ఒక పద్యం పట్టుకుని చూపిస్తాను. తిక్కన ఉద్యోగపర్వంలో "సారపు ధర్మమున్" అని మొదలయ్యే పద్యం తెలుగు చదువుకున్నవాళ్లకు కొత్తది కాదు. కౌరవ సభలో కృష్ణుడు చెప్పేది: "సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ / బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె / వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని / స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవ ముండెడున్." ఇదివరకు చదవని పిల్లవాడి చేతికి ఇస్తే ఏం చేస్తాడు? పాదం చివర ఆగుతాడు. రెండో పాదం చివర "దక్షు లె" అని ఆపి, మూడో పాదం "వ్వార లుపేక్ష" అని మొదలుపెడతాడు. మూడో పాదం చివర "ధర్మ ని" అని ఆపి, "స్తారకమయ్యు" అని అందుకుంటాడు. యతిప్రాసల కోసం కవి మాటను మధ్యలో విరిచాడని వాడికి ఎవరూ చెప్పలేదు. సగం పద్యాలు మన పిల్లలకు అర్థం కాకపోవడానికి కఠిన పదాల కన్నా ఇదే పెద్ద కారణం. అచ్చులో కనబడే పాదం వేరు, చెవికి అర్థమయ్యే వాక్యం వేరు.

కాబట్టి మొదట పుస్తకాలు మూయించండి. పద్యాన్ని మీరు రెండుసార్లు, అర్థం తెలిసేటట్టు ఆగుతూ చదవండి. రాగం ఉంటే మంచిదే, కానీ రాగం కింద మాట మునిగిపోకూడదు. "చెవిన పడ్డ మాటలు చెప్పండి" అంటే ధర్మం, సత్యం, పాపం, దైవం, ఇంకా ఎవరో ఒకరు బొంకు అంటారు. అన్నీ బోర్డు మీద రాయండి. చదవడం సరిగ్గా రాని ఆ పదిమంది కూడా ఇక్కడ మాట ఇవ్వగలరు. అందుకే మొదటి మెట్టు చెవితోనే ఉండాలి.

తర్వాత పుస్తకాలు తీయించి, బెంచీకి ఇద్దరు చొప్పున, పెన్సిల్‌తో గీతలు పెట్టమనండి, ఎక్కడ ఆగితే మాట పూర్తవుతుందో అక్కడ. ఐదు నిమిషాలు చాలు. ఒకరు "దక్షులు" తర్వాత పెడతారు, ఒకరు "దక్షు" తర్వాత పెడతారు. ఏది సరైనదో మీరు చెప్పకండి, రెండు రకాలుగానూ పైకి చదివించండి. చెవి తేలుస్తుంది. ఆ తర్వాత క్రియలు వెతకమనండి: సేసిరి, అగున్, ఉండెడున్. ఏం చేశారు? ఎవరు చేశారు? దేన్ని ఉపేక్షించారు? మనం అన్వయక్రమం అని బోర్డు మీద రాసిపెట్టేది ఇట్లా ప్రశ్నల మీద వాళ్లే పేర్చుకుంటారు. ఈ దశలో కఠిన పదాలకు మాత్రం అర్థాలు ఇవ్వండి. సారపు అంటే శ్రేష్ఠమైన, దక్షులు అంటే సమర్థులు, ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం, పారము అంటే అవతలి ఒడ్డు, నిస్తారకము అంటే దాటించేది.

ఒడ్డు ఒక పాదంలో, దాటించడం ఇంకో పాదంలో ఉన్నాయి చూడండి. మీరు నోరు మెదపకుండా ఆ రెండు మాటల కిందా గీతలు గీసి "ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగి ఊరుకోండి. పెన్న పొంగినప్పుడు చూసిన పిల్లలున్న నా క్లాసులో ఒకమ్మాయి లేచి "సార్, ధర్మం ఏట్లో కొట్టుకుపోతా ఉందా?" అంది. ఒడ్డు చేరలేక పాడైపోతున్నవి ధర్మం, సత్యం. ఒడ్డున ఉండీ చేయి అందివ్వనివాళ్లు దక్షులు. వాళ్లు రాకపోయినా దాటించడానికి దైవం ఉంది. పద్యమంతా ఆ ఒక్క ప్రశ్నతో తెరుచుకుంది. అదే వాక్యం నేను ముందే చెప్పి ఉంటే నోట్సులో ఒక లైనుగా పడి ఉండేది, అంతే.

అసలైన సాహిత్యం పాఠం ఇక్కడి నుంచే. "సభలో దక్షులు ఎవరు?" అని అడగండి. భీష్ముడు, ద్రోణుడు అని వెంటనే వస్తుంది. ధృతరాష్ట్రుడు అంటారు. కర్ణుడు కూడా బలవంతుడే కదా అని ఎవడో ఒకడు అంటాడు. అప్పుడు "బలం ఉండటం, ఆపే అధికారం ఉండటం ఒకటేనా?" అని మీరు ఒక్క ప్రశ్న వేసి తప్పుకోండి. ఇంకాసేపటికి "కృష్ణుడు పేరు పెట్టి ఎందుకు అనలేదు?" అని అడగండి. పద్యంలో "ఎవ్వారలు" అనే ఉంది గాని ఒక్కరి పేరూ లేదు. నా క్లాసులో వచ్చిన జవాబు: "పేరు పెట్టి అంటే పెద్దాయన అలుగుతాడు సార్, వచ్చిన పని చెడిపోద్ది." రాయబారి మాట ఎంత జాగ్రత్తగా ఉంటుందో, తిక్కన సంభాషణను ఎంత నాటకీయంగా నడుపుతాడో ఆ పిల్లవాడు తన మాటల్లో చెప్పేశాడు. నాటకీయత అనే మాట నేను తర్వాత ఇచ్చాను. అప్పటికి దానికి వాళ్ల దగ్గర వస్తువు ఉంది కాబట్టి గుర్తుండిపోయింది.

చర్చ దారి తప్పకుండా ఒక్కటే నియమం పెట్టండి: "పద్యంలో చూపించు." ఏ అభిప్రాయమైనా చెప్పొచ్చు, కానీ ఏ మాట ఆధారంగా అంటున్నావో వేలు పెట్టి చూపించాలి. తప్పు జవాబుకు కూడా ఇదే చెప్పండి. "తప్పు, కూర్చో" అనే మాట ఒక్కసారి వినబడితే ఆ నెలంతా ఇంకెవరూ లేవరు. యాసలో చెబితే చెప్పనివ్వండి. ఆలోచించే వేళ "వచ్చింది అనాలి, వొచ్చింది కాదు" అని దిద్దితే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. రాసేటప్పుడు దిద్దడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ప్రశ్న అడిగాక మీరు ఎంతసేపు ఆగుతున్నారో గమనించుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల్ని రికార్డు చేసి చూస్తే టీచర్లు సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు, అంతకు మించి ఆగినచోట జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు. తెలుగు క్లాసులో మూడు సెకన్లు కూడా తక్కువే. పిల్లవాడు గ్రాంథిక వాక్యాన్ని మనసులో తన మాటలోకి మార్చుకోవాలి కదా. మనసులో పది లెక్కపెట్టండి. లేదా ముందు ఒంటరిగా ఒక నిమిషం ఆలోచన, తర్వాత పక్కవాడితో రెండు నిమిషాలు, ఆ తర్వాతే క్లాసుకు చెప్పడం. 42 మంది క్లాసుకు ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి నాకు కనబడలేదు. ఏ బెంచీ కదలక్కర్లేదు, అందరూ మాట్లాడతారు. లేచి చెప్పేటప్పుడు "మేమిద్దరం అనుకున్నది" అని మొదలుపెట్టనివ్వండి. భయం సగానికి పడిపోతుంది.

గద్యానికి వేరే పద్ధతి కావాలి. కథో వ్యాసమో అయితే పాలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ప్రచురించిన పద్ధతి మన క్లాసులకు బాగా అతుకుతుంది. నలుగురి గుంపు, నాలుగు పనులు. ఒక పేరా చదివాక ఒకరు అర్థంకాని మాట పట్టుకుంటారు, ఒకరు ప్రశ్న వేస్తారు, ఒకరు రెండు వాక్యాల్లో సారం చెబుతారు, ఒకరు తర్వాత ఏం జరుగుతుందో ఊహిస్తారు. తర్వాతి పేరాకు పనులు మారతాయి. మొదటి వారం మాత్రం నాలుగు పనులూ మీరే పైకి ఆలోచిస్తూ చేసి చూపించాలి. అది వదిలేసి నేరుగా గుంపులు చేస్తే మీరు చెప్పిన గోలే వస్తుంది. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటే నలుగురు అవుతారు. ఈ పద్ధతికి ఆరుగురిని పెట్టకండి. ఆరుగురిలో ఇద్దరు పనిచేస్తారు, నలుగురు చూస్తారు. పక్క క్లాసు మాస్టారికి, హెడ్మాస్టరు గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, చప్పుడు గురించి ఎవరూ అపార్థం చేసుకోరు.

పెద్ద పాఠాన్ని పంచుకుని చదివే జిగ్‌సా పద్ధతి గురించి మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. ఎలియట్ ఆరన్సన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు. అక్కడ వేర్వేరు జాతుల పిల్లలు ఒకరినొకరు దూరం పెట్టుకుంటుంటే, ఒకరి ముక్క ఇంకొకరికి అవసరమయ్యేలా పాఠాన్ని పంచాడు. పద్యానికి ఇది పనికిరాదని నా అభిప్రాయం. పద్యాన్ని ముక్కలు చేసి పంచితే పద్యమే పోతుంది. ఉపవాచకానికి మాత్రం చక్కగా సరిపోతుంది. రామాయణం ఉపవాచకంగా ఉన్న తరగతిలో ఆరు కాండలు ఆరు గుంపులకు ఇచ్చి, తర్వాత ప్రతి కాండ నుంచీ ఒకరు చొప్పున కొత్త గుంపులు చేసి కథ వరసగా చెప్పుకోమంటే, కిష్కింధకాండ చదివినవాడు చెప్పకపోతే సుందరకాండ వాడికి ముందుకు పోయే దారి ఉండదు.

పాత్రను కుర్చీలో కూర్చోబెట్టడం కూడా మంచి పద్ధతే. ఒకడు భీష్ముడు, క్లాసంతా ప్రశ్నలు వేస్తుంది: "నువ్వు ఎందుకు ఊరుకున్నావు?" కానీ ఇది పద్యం పూర్తిగా చదివాకే. చదవకముందు పెడితే సినిమా డైలాగులు వస్తాయి.

కవి పరిచయం చివర పెట్టండి. పాఠం మొదట్లో కాలం, బిరుదులు, రచనలు చెబితే అది కంఠస్థం చేసే లిస్టు. పద్యం నచ్చాక "ఈ మాట రాసినాయన ఎవరు?" అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది. అప్పుడు చెప్పండి: 13వ శతాబ్దంలో, మన నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం మొదలుకుని 15 పర్వాలు తెలుగు చేశాడని. ఆ పెన్న మీద వంతెన దాటి నెల్లూరు ఆస్పత్రికో షాపింగ్‌కో వెళ్లొచ్చిన పిల్లలు ముఖాలు చూసుకుంటారు. అద్దంకి శాసనంలో క్రీ.శ. 848 నాటికే తరువోజ అనే ఛందస్సులో పద్యం చెక్కి ఉందని కూడా చెప్పండి. పద్యం తమకు సంబంధం లేని వస్తువు అనే భావం పోవాలంటే ఇలాంటివి కావాలి.

ఇక ఆ పదిమంది. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదువును రెండు అంశాల గుణకారంగా చెప్పారు: అక్షరాన్ని మాటగా పలకగలగడం, ఆ మాట వింటే అర్థం కావడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మీ పదిమందిలో ఎక్కువమందికి రెండోది బాగానే ఉంటుంది. తెలుగు వాళ్ల ఇంటి భాష, వింటే అర్థమవుతుంది. లోపం మొదటిదాంట్లో ఉంది. కాబట్టి వాళ్లను వెనకబడ్డవాళ్లని ఒక మూల కూర్చోబెట్టి, పద్యం చర్చ నుంచి తీసేయడం అన్యాయం. "కృష్ణుడు పేరు ఎందుకు పెట్టలేదు" అనే ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒత్తులు రానక్కర్లేదు. దయచేసి వాళ్లను చర్చలో ఉంచండి, చదవడం నేర్పే పని దానికి అదనంగా చేయండి.

ముందు ఎవరు ఎక్కడ ఆగారో తెలుసుకోవాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ (ASER) పేరుతో పిల్లల చదువు స్థాయి చూసే సర్వేల్లో వాడే పద్ధతి చాలు: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మిగతావాళ్లకు వినబడకుండా చదివించండి. మనిషికి రెండు మూడు నిమిషాలు. చాలామంది అక్షరాల దగ్గర కాదు, సంయుక్తాక్షరాల దగ్గర ఆగుతారు. "రాజు" చదువుతాడు, "రాజ్యం" దగ్గర ఆగిపోతాడు. వాడికి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టడం వాడి టైమ్ వృథా చేయడం, వాడి ముఖం చిన్నబుచ్చడం. ఒత్తులున్న మాటలు రోజుకు ఐదారు, ఒకే చిన్న పేరా మూడు నాలుగు సార్లు, బాగా చదివే పక్కవాడితో కలిసి. రోజూ పావుగంట చాలు, కానీ రోజూ జరగాలి.

వాళ్ల మాటల్నే పాఠం చేయడం ఇంకా బాగా పనిచేస్తుంది. రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి చెప్పమనండి. స్వర్ణాల చెరువులో దిగి ఏ రొట్టె పట్టుకున్నారు, చదువు రొట్టెనా, ఉద్యోగం రొట్టెనా, ఎవరు ఇచ్చారు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏం జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు పెద్ద అక్షరాలతో మీరు కాగితం మీద రాయండి. ఆ కాగితం వాడు చదవగలడు, ఎందుకంటే తర్వాతి మాట ఏమిటో వాడికి తెలుసు. నలుగురి కాగితాలు కలిపి కుడితే మీ క్లాసుకు ఒక పుస్తకం అవుతుంది, మిగతావాళ్లూ లాక్కుని చదువుతారు. సముద్రం వైపు బడి అయితే రొయ్యల మేత సంచి మీద రాసిందీ, కందుకూరు, టంగుటూరు వైపైతే పొగాకు వేలం చీటీ కూడా చదివించొచ్చు. ఒక్క జాగ్రత్త. మీ ప్రాంతంలో అమ్మానాన్నలు పనులకు వలసపోయి అవ్వ దగ్గర ఉండే పిల్లలు ఉంటారు. ఇంటి సంగతులు చెప్పమని ఎవరినీ క్లాసు ముందు నిలబెట్టి బలవంతం చేయకండి. చెప్పాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

వరసగా ఒక్కొక్కరితో ఒక్కో వాక్యం చదివించే అలవాటు ఉంటే మానేయండి. తన వంతు ఏ వాక్యానికి వస్తుందో లెక్కపెట్టుకుని పిల్లవాడు దాన్నే గొణుక్కుంటూ ఉంటాడు, మిగతా పాఠం వాడి చెవికెక్కదు. చదవలేనివాడికైతే అది రోజూ జరిగే అవమానం. పైకి చదివించాలంటే ముందురోజు సాయంత్రమే పేరా చెప్పి పంపండి, ఇంట్లో ప్రాక్టీసు చేసుకుని వస్తాడు.

సిలబస్ మాటకొస్తే, పది పద్యాల పాఠంలో పదింటినీ ఇట్లా చేయలేరు, చేయక్కర్లేదు. రెండో మూడో ఎంచుకుని లోతుగా చేయండి. మిగతావి గీతలు పెట్టడం, క్రియలు వెతకడం వరకు పిల్లలకే వదలండి, కఠిన పదాలు బోర్డు మీద ఉంచండి. రెండు పాఠాలు గడిచేసరికి వాళ్లు మీరు చెప్పేదానికన్నా తొందరగా తేల్చేస్తారు. మొదటి నెల వెనకబడినట్టు ఉంటుంది, అప్పుడు బెదరకండి.

పరీక్షలో ప్రతిపదార్థం, భావం అడుగుతారు కదా అని మీకు అనిపించొచ్చు. గీతలు పెట్టి, క్రియ పట్టుకుని, ఎవరు ఏమిటి అని తేల్చుకున్న పిల్లవాడు రాసేది ప్రతిపదార్థమే. భావం మాత్రం ముందు పుస్తకం మూసి సొంతంగా నాలుగు వాక్యాలు రాయించండి. తర్వాత తెరిచి ఏం వదిలేశారో వేరే రంగు పెన్నుతో చేర్చుకోమనండి. 42 నోట్సులూ రోజూ దిద్దలేరు. రోజుకు ఎనిమిది తీసుకోండి, ఒక్కో దాంట్లో ఒక్క మంచి వాక్యం కింద గీత, ఒక్క దిద్దుబాటు. వారంలో అందరివీ చూసినట్టవుతుంది. పద్యం కంఠస్థం చేయించడం పాతకాలపు పద్ధతి అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అర్థం తేల్చుకున్న పద్యం నోటికి రావడం ఆ పిల్లవాడి ఆస్తి. అర్థం తర్వాత కంఠస్థం, ఆ వరస మాత్రం మార్చకండి.

సోమవారం అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ వారం పుస్తకాలు మూసి వినిపించడం, జంటగా గీతలు పెట్టడం, ప్రశ్న అడిగి ఆగడం, ఈ మూడే. పదిమందిని ఒక్కొక్కరిగా చదివించి చూడటం కూడా ఈ వారమే పూర్తిచేయండి. నలుగురి గుంపులు వచ్చే నెల. మీరు చెప్పబోయే తర్వాతి పద్యం ఏదో రాస్తే, దానికి ఎక్కడ ఆగాలో, ఏ ప్రశ్న వేయొచ్చో కలిసి చూద్దాం.